సీసాలో సగం... ఇంట్లో సగం!

ఒకే కంపెనీ, ఒకే నెలలో తయారైన మాయిశ్చరైజర్. విశాఖలో అక్క రాసుకుంటే ‘జిడ్డు బాబోయ్’ అని మొహం కడిగేసుకుంటుంది. హైదరాబాద్‌లో రోజంతా ఏసీలో గడిపే చెల్లెలు ‘రాసిన గంటకే మొహం బిగదీస్తోంది’ అని మరో రకం కొంటుంది. ఇద్దరి మాటా నిజమే. తన డబ్బాను ఏ ఇంట్లో తెరుస్తారో తయారీదారుకు తెలియదు. ఆ ఇంటి గాలి, నీళ్లు, వెలుతురు, వంటిల్లు, తువ్వాళ్లు అన్నిటికీ క్రీమ్ పనితనంలో వాటా ఉంది. ఎవరి వాటా ఎంతో చూద్దాం రండి.

వెంట్రుక కన్నా పల్చటి గోడ

మనం కొనే క్రీముల్లో చాలావాటి పని చర్మం పైపొర దగ్గరే. ఒంట్లో ఎక్కువ చోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లే. తల వెంట్రుక కూడా అంతకన్నా లావు. చచ్చిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సిమెంటులా ఉంటాయని అమెరికా చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ చెప్పిన పోలిక ఇప్పటికీ వైద్య విద్యార్థులకు పాఠం. ఈ గోడకు లోపలివైపు తడి ఒళ్లు, బయటివైపు మీ ఇంటి గాలి. గాలి ఎంత పొడిగా ఉంటే లోపలి నీరు అంత త్వరగా బయటికి పోతుంది. ఈ పైపొర మొత్తం కొత్తదవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇల్లు మారిన వారంలోనే పాత క్రీమ్ పనికిరాదని తీర్పు చెప్పేయడం తొందరపాటే.

ఏసీ పైపులోంచి కారేది ఎవరి నీళ్లు?

కిటికీ బయట ఏసీ పైపు కింద బకెట్ పెడితే రాత్రికి రాత్రే నిండుతుంది. అవి మీ గది గాలిలోని తేమే. లోపలి చల్లటి కాయిల్‌ను తాకగానే ఆవిరి నీరుగా మారి బయటికి పోతుంది. గాలి పొడిబారుతుంది. ఇక్కడే మాయిశ్చరైజర్లలో ఎక్కువగా వాడే గ్లిజరిన్ కథ అడ్డం తిరగవచ్చు. దాని గుణం నీటిని లాగి పట్టుకోవడం. గాలిలో తేమ ఉంటే కొంత అక్కడి నుంచీ అందుకుంటుంది. గాలి పొడిగా ఉంటే చర్మం లోపలి పొరల నుంచే తీసుకుంటుంది. ఆ నీరు ఎగిరిపోకుండా పైన నూనె, మైనం లాంటి కప్పు ఉండాలి. ఏసీ గదిలో పడుకునేవాళ్లకు పల్చటి జెల్ చాలదని, కాస్త చిక్కటి క్రీమ్ రాసుకోమని వైద్యులు చెప్పేది అందుకే.

కూలర్ కనికరం

ఏసీ తేమను తీసేస్తే, గడ్డి పలకల మీద నీళ్లు పారించే కూలర్ తేమను కలుపుతుంది. తెలంగాణ, రాయలసీమల పొడి వేసవిలో కూలర్ గదిని చల్లబరచడమే కాదు, చర్మానికీ మేలే చేస్తుంది. కోస్తాలో గాలి ముందే ఉప్పుతేమతో బరువెక్కి ఉంటుంది. అక్కడ కూలర్ నీళ్లు సరిగా ఆవిరవ్వవు, చల్లదనం రాదు, జిడ్డు మాత్రం మిగులుతుంది. కరీంనగర్ వేసవికి కుదిరిన క్రీమ్ కాకినాడ వేసవికి కుదరకపోవడంలో క్రీమ్ తప్పేమీ లేదు.

చమురు బావిలో పుట్టిన డబ్బా

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో టైటస్‌విల్ దగ్గర చమురు పడిందని తెలిసి రాబర్ట్ చీస్‌బ్రో అనే యువ రసాయనవేత్త అక్కడికి వెళ్లాడు. పంపు కడ్డీలకు పట్టే మైనంలాంటి మడ్డిని కార్మికులు కాలిన చోట, తెగిన చోట రాసుకోవడం చూశాడు. దాన్నే శుద్ధి చేసి 1872లో ‘వేజలైన్’ పేరుతో పేటెంటు తీసుకున్నాడు. చర్మం నుంచి నీరు ఆవిరవడాన్ని నూటికి 98 వంతుల వరకు ఆపగలదని దీనికి పేరు. పొడి గాలికి ఇంతకన్నా చవకైన విరుగుడు దొరకదు. అయితే కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం, ఉక్కపోతలో ఒళ్లంతా ఇదే దట్టంగా పట్టిస్తే చెమట బయటికి రాక చెమటకాయలు ఎక్కువవుతాయి. పసిపిల్లల మెడ మడతల్లో ముందుగా కనిపించేవి ఇవే. డిసెంబరులో మేలు చేసిన డబ్బాను మే నెలలో అల్మరా ఎక్కించాల్సిందే.

నురగ రాని సబ్బు

బోరు నీళ్లలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. పైగా బకెట్ అంచుకు తెల్లటి పొర కడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి, నీటిలో కరగని తెట్టుగా మారడమే కారణం. ఆ తెట్టు బకెట్‌కు పట్టినట్టే ఒంటికీ పడుతుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి నిబంధన ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. తాగడానికి ఇబ్బంది లేని నీరే సబ్బుకు పెద్ద చిక్కు కావచ్చు. హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంటులో ఒక రోజు నల్లా నీళ్లు, ఇంకో రోజు ట్యాంకరు, మూడో రోజు బోరు. జుట్టు, చర్మం రోజుకో తీరుగా ఉంటున్నాయంటే నీళ్ల వంతులు కూడా గుర్తుచేసుకోవాలి.

నీళ్ల మీద రెండు తీర్పులు

షెఫీల్డ్ విశ్వవిద్యాలయం, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 80 మందితో ఒక ప్రయోగం చేశారు. ఎస్‌ఎల్‌ఎస్ అనే డిటర్జెంటును కాఠిన్యం ఎక్కువున్న గట్టి నీళ్లతో కడిగితే అది చర్మం మీద ఎక్కువగా మిగిలిపోయి మంట, పొడిదనం పెంచుతోందని తేలింది. ఎగ్జిమా ఉన్నవాళ్లలో ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. ‘అయితే నీటిని మెత్తబరిచే యంత్రం కొనేద్దాం’ అనుకునేలోపు రెండో తీర్పు కూడా వినాలి. బ్రిటన్‌లోనే ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, ఆ యంత్రం పెట్టిన ఇళ్లలో పిల్లలకు అదనంగా ఒరిగిందేమీ లేదు. నీరు చర్మాన్ని బాధించవచ్చు. అంతమాత్రాన నీటిని మార్చడమే మందు కాదు. మామూలు సబ్బుకు బదులు గట్టి నీళ్లలోనూ తెట్టు కట్టని సోప్‌ఫ్రీ బార్ వాడి, ఒళ్లు బాగా కడుక్కోవడం చవకైన దారి.

కుంకుడుకాయకు గట్టి నీళ్ల బెంగ లేదు

కుంకుడు రసంలో నురగనిచ్చేవి సపోనిన్లు. అవి కొవ్వు ఆమ్లాల లవణాలు కావు కాబట్టి సబ్బులా కాల్షియంతో కలిసి తెట్టు కట్టవు. బావి నీళ్ల ఊళ్లలో తలంటుకు కుంకుడుకాయ తరాల తరబడి నిలబడిందంటే ఆశ్చర్యమేముంది! కళ్లలో పడితే మాత్రం పాత మంటే.

పుల్లటి చర్మం, చేదు సబ్బు

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లగుణంతో, పీహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటుంది. 1928లో జర్మనీ వైద్యులు షాడే, మార్కియోనినీ దీనికి ‘ఆమ్ల కవచం’ అని పేరు పెట్టారు. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10. కడిగిన ప్రతిసారీ కవచం కాసేపు చెదిరి, మళ్లీ కూడుకుంటుంది. రోజుకు రెండుసార్లయితే ఒళ్లు తట్టుకుంటుంది. వంటింట్లో గంటకోసారి సబ్బుతో కడిగే చేతులకు ఆ వ్యవధే దొరకదు. వేడివేడి నీళ్లయితే పైపొరలోని కొవ్వును ఇంకాస్త కరిగించేస్తాయి. స్నానమయ్యాక ఒంటిని అద్దినట్టు తుడుచుకుని, తడి పూర్తిగా ఆరకముందే, సుమారు 3 నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాసుకోవాలన్నది ఎగ్జిమా వైద్యంలో మొదటి సలహా. బాత్రూమ్‌లోంచి వచ్చి ఫ్యాను కింద ఆరబెట్టుకున్నాక రాస్తే పట్టుకోవడానికి ఆ నీరు ఉండదు.

కిటికీ పక్క కుర్చీ

మామూలు కిటికీ అద్దం ఎండలోని యూవీ-బి కిరణాలను ఆపేస్తుంది కాబట్టి ఇంట్లో చర్మం కందదు. ముడతలు, మచ్చలు తెచ్చే యూవీ-ఎ మాత్రం చాలావరకు లోపలికి వచ్చేస్తుంది. 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల అమెరికా డ్రైవరు ఫొటోను 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ప్రచురించింది. కిటికీ వైపున్న ఎడమ చెంప మీద లోతైన ముడతలు. కుడి చెంప మనిషి మాత్రం చాలా చిన్నవాడు. మన దేశంలో డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఇక్కడ కిటికీ ఎండ పడేదీ కుడి చెంప మీదే. ఇంటి నుంచే పని చేస్తూ కిటికీ పక్కన బల్ల వేసుకున్నవాళ్లకు ‘నేను గడప దాటలేదుగా’ అన్న సాకు చెల్లదు.

మంగుకు వెలుతురే వైరి

చామనఛాయ, నలుపు చర్మాలకు మరో చిక్కుంది. యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే ఎండ వెలుతురు కూడా రంగును పెంచుతుంది. అమెరికాలో 2010లో ప్రచురించిన ఒక పరిశోధనలో దృశ్యకాంతి ముదురు చర్మాలను నల్లబరిచింది, తెల్లటి చర్మాలను అలా మార్చలేకపోయింది. మంగు మచ్చలకు ఖరీదైన క్రీమ్ రాస్తూ, ధారాళంగా వెలుతురు పడే వరండాలో గంటలు గంటలు కూర్చుంటే ఒక చేత్తో తుడిచి మరో చేత్తో పూసినట్టే. తెల్లగా, మామూలుగా ఉండే సన్‌స్క్రీన్లు దృశ్యకాంతిని పెద్దగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన, చర్మం రంగులో ఉండే రకాలు ఆపుతాయి. ఫోన్ తెర వెలుగుకు భయపడేవాళ్లు ముందు కిటికీకి పరదా వేయాలి. ఎండ ముందు ఫోన్ వెలుగు లెక్కలోకే రాదు.

నిమ్మరసం, బాల్కనీ

మొహానికి నిమ్మరసం రాసుకుని, ఆరడానికి ఎండలో నిలబడటం కొందరికి అలవాటు. నిమ్మజాతి పండ్లలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు యూవీ-ఎ తగలగానే చర్మాన్ని కాల్చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు, ఆ తర్వాత వారాల తరబడి పోని నల్ల చారలు. తెల్లబడాలని రాసిందే నలుపు తెస్తుంది. ఎండలో నిమ్మకాయ షర్బత్ కలిపేవాళ్ల చేతులకూ ఇదే ప్రమాదం.

బాత్రూమ్ అల్మరాలో చచ్చిపోయే సీరం

విటమిన్-సి సీరానికి గాలి, వెలుతురు, వేడి మూడూ శత్రువులే. నీళ్లలా ఉన్న సీరం ముదురు పసుపు, గోధుమ రంగుల్లోకి తిరిగిందంటే అందులోని ఆస్కార్బిక్ ఆమ్లం చాలావరకు ఆక్సీకరణ చెందినట్టే. గీజర్ ఆవిరి పట్టే బాత్రూమ్ అల్మరా దానికి అన్నిటికన్నా చెడ్డ చోటు. మొటిమల మందు ట్రెటినాయిన్‌కు వెలుతురు పడదు. లోహపు ట్యూబులో రావడానికి, రాత్రిపూట రాయమనడానికి అదొక కారణం. చాలా మందుల డబ్బాల మీద 30 డిగ్రీల లోపు నిల్వ చేయాలని రాసి ఉంటుంది. రెంటచింతలలో, రామగుండంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు రేకుల ఇంట్లో బీరువా లోపలైనా 30 ఎక్కడుంటుంది? ఆ ఇళ్లలో ఫ్రిజ్ తలుపు అరే దిక్కు.

గది ఎంత చల్లగా ఉందో చెప్పే సీసా

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో సీసాను ఎండలో పెట్టుకునే ఇళ్లలో నూనె పాడయిందనే బెంగ అక్కర్లేదు. కరిగినా, గడ్డకట్టినా గుణం అదే. నీరు, నూనె కలిపి చేసిన క్రీములకు ఈ సౌకర్యం లేదు. వేడికి ఒకసారి నీరు వేరు, నూనె వేరు అయ్యాయంటే కలియబెట్టినా మునుపటి క్రీమ్ కాదు. సన్‌స్క్రీన్ అలా విడిపోతే ఒకచోట మందు ఎక్కువ, ఒకచోట సున్నా.

పొయ్యి దగ్గరి ముడతలు

చైనాలో పింగ్డింగ్, తైజౌ ప్రాంతాల మహిళలపై 2015లో ప్రచురించిన పరిశోధనలో, కట్టెలు, బొగ్గు లాంటి ఇంధనాలతో వండేవాళ్ల మొహంలో ముడతలు మరింత లోతుగా కనిపించాయి. జర్మనీలోని రూర్ ప్రాంతంలో 400 మంది వృద్ధ మహిళలను పరిశీలిస్తే, మసి, వాహనాల పొగ ఎక్కువున్న చోట నుదురు, చెంపల మీద మచ్చలు సుమారు 20 శాతం ఎక్కువని తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో దేశమంతా వచ్చిన ఉజ్వల లాంటి వంటగ్యాసు పథకాల గురించి మాట్లాడేటప్పుడు ఊపిరితిత్తులు, కళ్ల సంగతే చెబుతారు. గ్యాసు పొయ్యి మొహానికీ మేలే. గ్యాసున్నా తాలింపు పొగ పొగే. చిమ్నీ లేకపోతే కిటికీ తీయాలి. తలుపులు మూసిన పూజగదిలో అగరుబత్తి పొగకూ ఇదే వర్తిస్తుంది.

ఆవకాయ రోజుల ఎడమ చెయ్యి

ఆవకాయ కాలంలో వెల్లుల్లి ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు పగిలితే డాక్టరు ముందు చూసేది ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. రెబ్బను పట్టుకునేది ఆ మూడే కదా! (ఎడమచేతివాటం వాళ్లకు కుడివి.) వెల్లుల్లిలోని డయల్లిల్ డైసల్ఫైడ్ ఈ అలర్జీ తెస్తుంది. మామూలు రబ్బరు గ్లవ్స్‌లోంచి కూడా అది దూరిపోతుంది. ఇక రోజుకు 2 గంటలకు మించి చేతులు తడిలో ఉంటే దాన్ని చర్మానికి ముప్పున్న పనిగా జర్మనీ కార్మిక భద్రతా నిబంధనలు లెక్కగడతాయి. గిన్నెలు, బట్టలు, కూరగాయలు, గచ్చు కడగడం కలిపితే మన ఇళ్లలో ఎందరు ఆ గీత దాటుతారో! అలాంటి చేతులకు రాత్రి ఒక్కసారి రాసే క్రీమ్ చాలదు. తడిసిన ప్రతిసారీ ఆరబెట్టుకుని రాసుకోవాలి.

తామరకు చిరునామా తువ్వాలు

దేశంలో కొన్నేళ్లుగా మొండి తామర విపరీతంగా పెరిగింది. మందులకు లొంగని ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు పెట్టిన పేరులోనే మన దేశం ఉంది: ట్రైకోఫైటన్ ఇండోటినియే. స్టెరాయిడ్ కలిపిన మిశ్రమ క్రీములను చీటీ లేకుండా కొనుక్కుని రాసుకోవడం ఒక కారణం. అలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. ఇంట్లో కారణం మరొకటి: ఒకే తువ్వాలు నలుగురికి, ఒకే బకెట్‌లో అందరి లోదుస్తులు, వాటిని నీడలో ఆరేయడం. ఒకరికి తగ్గేసరికి ఇంకొకరికి, వాళ్ల నుంచి మళ్లీ మొదటివాళ్లకు. బట్టలు విడిగా వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేస్తేనే పూతమందు గెలుస్తుంది.

గజ్జికి కుటుంబ వైద్యం

గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలితే మామూలుగా 2, 3 రోజులకు మించి బతకదు. అందుకే ఉతకలేని దుప్పట్లను సంచిలో మూతికట్టి కొన్నాళ్లు పక్కన పెట్టినా సరిపోతుంది. కానీ పెర్మెత్రిన్ మందు ఇంట్లో అందరూ ఒకే రాత్రి, దురద లేనివాళ్లు కూడా, మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి. ఒక్కరు తప్పించుకున్నా ఇంటిల్లిపాదికీ మళ్లీ మొదలు. పురుగు చచ్చాక కూడా దురద కొన్ని వారాలు ఉండవచ్చు. మందు పనిచేయలేదనుకుని రోజూ రాస్తే చర్మం పుండవుతుంది.

ఖాళీ స్థలంలో వయ్యారిభామ

కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో ఏడాదికేడాది తిరగబెట్టే దురద ఉంటే ఇంటి పక్క ఖాళీ స్థలం కూడా చూడాలి. తెల్లటి చిన్న పూల వయ్యారిభామ మొక్క 1950లలో పుణె పరిసరాల్లో కనిపించి దేశమంతా పాకింది. దాని ఎండు పొడి గాలిలో కలిసి, మొక్కను ముట్టుకోనివాళ్లకు కూడా అలర్జీ తెస్తుంది. పూతమందు రాసినన్నాళ్లు తగ్గి, మానగానే తిరగబెడుతుంటే అసలు మందు పార, గ్లవ్స్, మొక్క పూతకు రాకముందే పీకేయడం. పీకేది మాత్రం అలర్జీ లేనివాళ్లే కావాలి.

దిండు గలీబు మీద తెల్ల మచ్చలు

మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ రాసుకునేవాళ్ల రంగు దిండు గలీబులు, తువ్వాళ్లు మచ్చలు మచ్చలుగా వెలిసిపోతాయి. సబ్బు పొడిని తిట్టొద్దు. ఆ మందు బ్లీచింగు చేస్తుంది. తెల్ల గలీబు వాడితే సరి. ఇంతకన్నా పెద్ద జాగ్రత్త మరొకటుంది. నూనెలు, పెట్రోలియం జెల్లీ, చిక్కటి క్రీములు ఇంకిన బట్టకు నిప్పంటుకుంటే మామూలు బట్ట కన్నా వేగంగా మండుతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో దీనిపై హెచ్చరిక చేసింది. ఒంటికి పట్టించిన క్రీమ్ ఇంకిన చీర కొంగుతో, నైటీతో పొయ్యి దగ్గరికి, దీపం దగ్గరికి వెళ్లకూడదు.

చివరికి, చర్మమే ఇంటిని మారుస్తుంది!

ఇంతసేపూ ఇల్లు చర్మాన్ని ఏం చేస్తుందో చూశాం. లెక్క రెండోవైపు నుంచీ ఉంది. డెన్మార్క్‌లోని ఒడెన్సే పట్టణంలో ఇళ్ల దుమ్మును పరీక్షిస్తే మన చర్మపు నూనె అయిన స్క్వాలీన్ దొరికింది. గదిలోని ఓజోన్‌ను అది కొంత తినేస్తుందని 2011లో లెక్కగట్టారు. 2022లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ రసాయన శాస్త్ర సంస్థ పరిశోధకులు మరో అడుగు వేశారు. చర్మపు నూనెలు ఓజోన్‌తో కలిసినప్పుడు మనిషి చుట్టూ హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టి, గది గాలిలోని రసాయనాలను మారుస్తుంటాయని చూపించారు. ఒంటికి లోషన్ రాసుకుంటే, పర్‌ఫ్యూమ్ కొట్టుకుంటే ఆ చర్య తగ్గిపోతుందని 2025లో వాళ్లే తేల్చారు. లోషన్‌లోని ఫినాక్సీఇథనాల్, పర్‌ఫ్యూమ్‌లోని ఆల్కహాల్ ఆ రాడికల్స్‌ను పట్టేసుకుంటాయి. మీరు చెంపకు రాసుకున్నది పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు పీల్చే గాలిని కూడా మారుస్తోందన్నమాట. ఈసారి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డబ్బాల ఫొటోలతో పాటు బోరు నీళ్లో నల్లా నీళ్లో, ఏసీనో కూలరో, ఏ పొయ్యి, ఎవరి తువ్వాలు అన్నవి కూడా చెప్పండి. చాలాసార్లు చీటీలో మార్చాల్సింది క్రీమ్ పేరు కాకపోవచ్చు.